అద్దంలో కరెక్ట్ టైం చూపించే గడియారం: పాత షాపు తలుపు పలకలతో ఎలా చేశాం?

ఈ ఎపిసోడ్‌లో ఒక తిక్క గడియారం చూపిస్తాను. నేరుగా చూస్తే తప్పు టైం, అద్దంలో చూస్తే కరెక్ట్ టైం. పాత చెక్క, పాడైన గోడ గడియారంలోంచి తీసిన మెషిన్, ఒక విరిగిన దువ్వెన, రెండు ఐస్‌క్రీం పుల్లలు. ఇంతే సామాను. కొత్తగా కొన్నది బ్యాటరీ, ఫెవికాల్, కొంచెం నూనె, కాసిని స్క్రూలు.

ముందు ఒక చిన్న ప్రశ్న. కానిస్టేబుల్‌కో, గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో ప్రిపేర్ అవుతున్నవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. అద్దంలో గడియారం 8:20 చూపిస్తోంది, అసలు టైం ఎంత? రీజనింగ్ పేపర్‌లో రెగ్యులర్‌గా వచ్చే లెక్క. 11 గంటల 60 నిమిషాల్లోంచి 8:20 తీసేయండి. 3:40 వస్తుంది. అదే ఆన్సర్. అద్దం కుడిని ఎడమ చేస్తుంది కాబట్టి 12 అక్కడే ఉంటుంది, 6 అక్కడే ఉంటుంది, 3 వెళ్ళి 9 దగ్గర కూర్చుంటుంది. పరీక్ష హాల్లో ఈ లెక్క బాగానే ఉంటుంది. కానీ మెడకి గుడ్డ కట్టి, మీద కత్తెర ఆడుతుండగా, బస్సుకి ఇంకా ఎంత టైం ఉందో చూసుకోవాలంటే ఈ లెక్క ఎవరు వేస్తారు చెప్పండి?

విషయం అక్కడే మొదలైంది. మా వీధి చివర సెలూన్ ఉంది. ఆయన్ని మేమంతా బాబాయ్ అనే పిలుస్తాం. నాకు మొదటిసారి క్రాఫ్ చేసింది ఆయనే. కుర్చీలో కూర్చుంటే ఎదురుగా అద్దం, వెనక గోడకి గడియారం. ప్రతివాడూ అద్దంలోనే టైం చూస్తాడు, ప్రతివాడూ "బాబాయ్, టైం ఎంతయింది?" అని మళ్ళీ అడుగుతాడు. ఎదురు తిరిగే గడియారం పెడితే ఈ బాధ ఉండదు. బయట దేశాల్లో సెలూన్ల కోసం ఇలాంటివి తయారు చేసి అమ్ముతారు కూడా. ముళ్ళు కుడివైపు కాకుండా ఎడమవైపు తిరుగుతాయి, అద్దంలో చూస్తే మామూలు గడియారంలా కనిపిస్తుంది.

ఇక చెక్క సంగతి. ఈ మధ్య రోడ్డు వెడల్పు చేసినప్పుడు బాబాయ్ షాపు ముందు భాగం ఏడు అడుగులు పోయింది. ఉన్న కాస్త జాగాలో గోడ లేపి ఇనప షట్టర్ పెట్టించారు. పాత షాపుకి పలకల తలుపు ఉండేది. ఇప్పటి పిల్లలు చూసి ఉండరేమో, చెప్తాను. షట్టర్లు రాకముందు షాపులకి ఒకే తలుపు ఉండేది కాదు. నిలువు పలకలు ఉండేవి. పొద్దున్నే ఒక్కోటీ గాడిలోంచి జరిపి బయటికి తీసి పక్కన పేర్చేవాళ్ళు, రాత్రి మళ్ళీ వరసగా దూర్చేవాళ్ళు. వరస తప్పితే చివరి పలక పట్టదు. అందుకే ప్రతి పలక మీదా పెయింట్‌తో నంబర్ వేసేవాళ్ళు. బాబాయ్ షాపుకి ఏడు పలకలు. ఆ నంబర్లు వేసింది వాళ్ళ నాన్నగారు. ఆయన ఇప్పుడు లేరు.

షట్టర్ వచ్చాక ఆ పలకలు వెనక సందులో పడి ఉన్నాయి. కింది రెండు అడుగులు వాన నీళ్ళకీ చెదలకీ పోయాయి. టేకు కదా, పైభాగం మాత్రం రాయిలా ఉంది. బాబాయ్ కొడుకు పొయ్యిలోకి ఇచ్చేద్దామన్నాడు. వాడిని తప్పు పట్టను, సందులో నడవడానికి దారి లేదు. నేను గడియారం చేస్తానంటే బాబాయ్ ఒకటే మాట అన్నారు: "ఏమైనా చేసుకో గానీ, నంబర్ల జోలికి వెళ్ళకురా నాన్నా. ముందు వైపు ఉలి పెట్టొద్దు."

అంటే చూడండి, నంబర్ చెరిగిపోకూడదు, ముందు వైపు చెక్కకూడదు, మధ్య పలక చిట్లితే ఇంకో 4వ నంబర్ పలక రాదు. చేస్తే ఒక్క దెబ్బలో అవ్వాలి. ఈ ఎపిసోడ్‌లో చెప్పే పద్ధతి అంతా ఈ కండిషన్‌కి తగ్గట్టు ఉంటుంది. మీ ఇంట్లో కూడా పాత గుమ్మమో, తాతగారి చెక్కపెట్టెో ఉంటే మీకూ ఇదే పనికొస్తుంది.

పలకలు లేనివాళ్ళు ఏం చేయాలి? పాత ఇళ్ళు పడగొట్టిన చోట కిటికీ రెక్కలు దొరుకుతాయి. లేదంటే సామాన్లు దింపే ప్యాలెట్ చెక్క. ప్యాలెట్ తీసుకుంటే మాత్రం దాని మీద ఉండే ముద్ర చూడండి. విదేశాల నుంచి వచ్చే చెక్కకి పురుగు పోవడానికి ట్రీట్‌మెంట్ చేసి ముద్ర వేస్తారు. హెచ్.టి. అని ఉంటే వేడి చేశారని అర్థం, వాడుకోవచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విష వాయువు పట్టించారని. అది ఇంట్లోకి తేవద్దు.

పాత పెయింట్ గురించి ఒక్క నిమిషం, ఇది సీరియస్. మన దేశంలో ఇళ్ళకి వేసే పెయింట్‌లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూల్ 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఉండే ఛాన్స్ ఎక్కువ. దాన్ని పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్న పిల్లలకి ఇంకా డేంజర్. అందుకే మేం రంగు అసలు గీకలేదు. తడి గుడ్డతో తుడిచి వదిలేశాం. గీకాల్సి వస్తే చెక్కని తడిపి, ఆరుబయట, మంచి మాస్క్ పెట్టుకుని చేయండి. ఆ పొట్టు పొయ్యిలో వేయొద్దు.

సరే, ఇప్పుడు అసలు మజా ఉన్న పార్ట్. గడియారాన్ని ఎదురు తిప్పడం.

గోడ గడియారం వెనక నల్లగా, నాలుగు పలకలుగా ఒక చిన్న డబ్బా ఉంటుంది చూశారా, రెండుంపావు అంగుళాల వెడల్పు. రిపేర్ షాపుల్లో దాన్ని మెషిన్ అంటారు. అద్దం పగిలినవి, డయల్ రంగు పోయినవి పాత సామాన్ల బండి మీద దొరుకుతాయి, లోపల మెషిన్ చాలావరకు బాగానే ఉంటుంది. కొత్తది కొన్నా వంద రూపాయల లోపే. టిక్ టిక్ అని కొట్టుకునేదే తీసుకోండి. సెకన్ల ముల్లు ఆగకుండా జారుతూ పోయే సైలెంట్ రకం, అలారం రకం ఈ పనికి వద్దు.

బ్యాటరీ కారి తుప్పు పట్టి ఉంటే కంగారు పడకండి. పాత టూత్‌బ్రష్, కాస్త శానిటైజర్, చిన్న ముక్క ఉప్పు కాగితం. అదేనండీ, శాండ్ పేపర్‌ని మా వైపు ఉప్పు కాగితం అంటారు. దాంతో రేకులు మెరిసేదాకా రుద్దితే చాలు.

లోపల ఏం జరుగుతుందంటే, ఒక చిన్న క్వార్ట్జ్ ముక్క ఉంటుంది. కరెంటు ఇస్తే సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఈ నంబర్ ఏంటి ఇంత వింతగా ఉంది అనుకుంటున్నారా? దాన్ని సగం చేయండి, మళ్ళీ సగం, మళ్ళీ సగం. 15 సార్లు సగం చేస్తే కచ్చితంగా 1 వస్తుంది. లోపలి చిప్ చేసే పని అంతే, సగం చేసుకుంటూ పోయి సెకనుకి ఒక దెబ్బ తయారు చేస్తుంది. మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా టైం కోసం ఇదే 32,768 లెక్క. 1969 డిసెంబర్ 25న సెయికో కంపెనీ జపాన్‌లో ఆస్ట్రాన్ అనే మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అమ్మకానికి పెట్టినప్పుడు అది చాలా ఖరీదైన వస్తువు. ఇప్పుడు అదే టెక్నాలజీ చెత్తబుట్టలో దొరుకుతోంది మనకి.

ఆ సెకను దెబ్బ ఒక తీగ చుట్టలోకి వెళ్తుంది. అది ఒక రేకుని అయస్కాంతంగా మారుస్తుంది. ఆ రేకుకి ఒక గుండ్రటి బెజ్జం, బెజ్జం మధ్యలో బియ్యపు గింజంత అయస్కాంతం. దెబ్బ పడ్డ ప్రతిసారీ అది అర చుట్టు తిరుగుతుంది. ఒక సెకను ప్లస్, తర్వాతి సెకను మైనస్, ఇలా మారుతూ కరెంటు వస్తుంది కాబట్టి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

మరి ప్రతిసారీ ఒకే వైపు ఎందుకు తిరుగుతోంది? అటో ఇటో తిరగొచ్చు కదా? కిటుకు ఆ బెజ్జంలో ఉంది. అది పూర్తిగా గుండ్రంగా ఉండదు. రెండు చోట్ల చిన్న గాట్లు ఉంటాయి. వాటివల్ల అయస్కాంతం నిలబడినప్పుడు తిన్నగా కాకుండా కొంచెం ఒక పక్కకి ఒరిగి నిలబడుతుంది. ఒరిగిన మనిషిని నెడితే ఒరిగిన వైపే పడతాడు కదా, అలా. ఇప్పుడు ఆ రేకుని తీసి, దోసె తిరగేసినట్టు తిరగేసి పెడితే? గాట్లు అటుది ఇటు అవుతాయి, ఒరగడం కూడా మారుతుంది, గడియారం ఎదురు తిరుగుతుంది. అంతే! సోల్డరింగ్ లేదు, ప్రోగ్రామింగ్ లేదు. చాలామంది బ్యాటరీ ప్లస్ మైనస్ మార్చి పెడితే ఎదురు తిరుగుతుందనుకుంటారు. తిరగదు, అలా చేస్తే చిప్ పోయే ఛాన్స్ కూడా ఉంది.

చేసే విధానం. ముందు ముళ్ళు తీయాలి. సెకన్లది, తర్వాత నిమిషాలది, ఆఖర్న గంటలది, నేరుగా పైకి లాగాలి, వంచకూడదు. డబ్బా పక్కన ఉన్న ప్లాస్టిక్ కొక్కేలని గోరుతో నొక్కితే మూత వస్తుంది. మూత తీసిన వెంటనే ఫోన్‌తో ఫోటో తీయండి. ఒక్కో పళ్ళచక్రం తీసినప్పుడల్లా ఇంకో ఫోటో. తెల్లటి పళ్ళెంలో పెట్టి చేయండి, కింద పడితే దొరకవు. తీగ చుట్టని వేలితో ముట్టుకోవద్దు, ఆ తీగ వెంట్రుక కంటే సన్నం, తెగితే మెషిన్ అయిపోయినట్టే. బెజ్జం ఉన్న రేకు మెల్లగా ఊడి వస్తుంది. తిరగేసి పెట్టండి, ఫోటోలు వెనక నుంచి ముందుకి చూసుకుంటూ చక్రాలు బిగించండి, మూత వేయండి. చక్రాలన్నీ ఎటు తిప్పినా తిరిగేవే కాబట్టి ఇంకేమీ మార్చక్కర్లేదు. ఒక్క సెకన్ల ముల్లు పెట్టి బ్యాటరీ వేసి చూడండి. అది మొదటిసారి ఎడమవైపు అడుగు వేస్తుంటే చూడాలి, భలే ఉంటుంది.

ఇక్కడ చిన్న పిట్టకథ. అసలు గడియారాలు కుడివైపే ఎందుకు తిరుగుతాయి? నీడ గడియారం వల్ల. భూమికి ఉత్తరం సగంలో ఉన్నవాళ్ళకి సూర్యుడు తూర్పున లేచి, దక్షిణం మీదుగా పడమరకి పోతాడు. నీడ దానికి ఎదురుగా పడమర నుంచి ఉత్తరం మీదుగా తూర్పుకి జరుగుతుంది. పై నుంచి చూస్తే అది మన ముళ్ళు తిరిగే దిక్కే. యంత్రం గడియారాలు చేసినవాళ్ళు ఆ అలవాటునే కొనసాగించారు. భూమధ్యరేఖకి దక్షిణాన అయితే నీడ రివర్స్‌లో తిరుగుతుంది. బొలీవియా దేశం 2014లో లా పాజ్‌లోని పార్లమెంటు భవనం గడియారాన్ని ఇదే కారణం చెప్పి ఎదురు తిప్పింది. ప్రాగ్ నగరంలో యూదుల టౌన్ హాల్ మీద హీబ్రూ అక్షరాల గడియారం ఒకటి ఉంది, హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాస్తారు కాబట్టి అదీ ఎదురే. ఛత్తీస్‌గఢ్‌లో కొన్ని గోండు గ్రామాల్లో కూడా ఎదురు గడియారాలు వాడతారు. నీడ గడియారం చూడాలంటే ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, అన్నవరం కొండ మీద ఉంది. ఈసారి వ్రతానికి వెళ్ళినప్పుడు ప్రసాదం తినేసి వచ్చేయకుండా అది కూడా చూడండి. సరే, పనిలోకి వద్దాం.

3, 4, 5 నంబర్ల పలకలు తీసుకున్నాం. ఒక్కోటి 8 అంగుళాల వెడల్పు. నంబర్ పైన ఉంటుంది కాబట్టి పై నుంచి 24 అంగుళాలు కొలిచి, కుళ్ళిన కిందిభాగం రంపంతో కోసేశాం. మూడూ పక్కపక్కన పెడితే 24 బై 24. మధ్యలో 4వ పలకే ఎందుకు? ఇరుసు బెజ్జం అతుకు మీద పడకూడదు, పలక నడిమధ్యలో పడాలి. మూడింటినీ వెనక వైపు రెండు అడ్డపట్టీలు వేసి బిగించాం. ఇక్కడ ఫెవికాల్ మొత్తం పూసేసి బిగించొద్దు. చెక్క వానాకాలం వెడల్పులో ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. కదలనివ్వకపోతే చీలుతుంది. అందుకే మధ్య పలకకే గట్టి స్క్రూ, అటూ ఇటూ పలకలకి పట్టీలో బెజ్జాన్ని కాస్త పొడవుగా చేసి స్క్రూ వేశాం. పలకల మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. ఉండనివ్వండి.

ఇప్పుడు కష్టమైన సంగతి. పలక మందం ఒక అంగుళం. మెషిన్ ఇరుసు మీద మరలు ఉన్న భాగం ఆరేడు మిల్లీమీటర్లే. పల్చటి ప్లాస్టిక్ డయల్ కోసం చేసింది కదా. కాబట్టి వెనక నుంచి 60 మిల్లీమీటర్ల చదరపు గుంట తీయాలి, ముందు వైపు పల్చటి పొర మిగలాలి. పొర మందంగా ఉంటే నట్టు పట్టదు, మరీ పల్చనైతే పొడుగునా చిట్లుతుంది. ఎంత మందం నిలుస్తుందో తెలుసుకోవడానికి కోసేసిన కిందిభాగంలో మంచి ముక్కలు చూసి మూడు ట్రయల్స్ వేశాను. 2 మిల్లీమీటర్లది నట్టు బిగించగానే చీలింది. 3 మిల్లీమీటర్లది నిలిచింది కానీ వేలితో నొక్కితే ఊగుతోంది. 4 మిల్లీమీటర్లది గట్టిగా నిలబడింది. నట్టుకి, వాషర్‌కి సరిపడా మర కూడా మిగిలింది. సో, 4 ఫిక్స్.

వడ్రంగి మావయ్య ఒకరు ఉలి పట్టడం దగ్గరుండి చూపించారు. ముందు గీత గీసి, నారకి అడ్డంగా ఉన్న రెండు గీతల మీద ఉలిని నిలువుగా కొట్టాలి. ఆ తర్వాతే మధ్యలోది తీయాలి. ఈ వరస పాటిస్తే చీలిక గీత దాటి పోదు. కొంచెం కొంచెంగా దింపుతూ, స్కేలుతో లోతు చూసుకుంటూ రెండున్నర గంటలు పట్టింది. బాబాయ్ మధ్యలో రెండు సార్లు వచ్చి, ఏమీ మాట్లాడకుండా చూసి వెళ్ళిపోయారు. బెజ్జం 8 మిల్లీమీటర్లది, ముందు వైపు ఇంకో చెక్క ముక్క గట్టిగా ఆనించి వెనక నుంచి వేశాం. ఆ ముక్క లేకపోతే డ్రిల్ బయటికి వచ్చేటప్పుడు ముందు వైపు పెచ్చు లేస్తుంది.

గంటల గుర్తులకి పాత మేకులే. పలకలకి ఉన్న ఇత్తడి తలల మేకులు పీకి దాచాం. దారంతో 7 అంగుళాల వ్యాసార్థంతో వృత్తం గీసి, అదే 7 అంగుళాలు వృత్తం మీద కొలుచుకుంటూ పోతే సరిగ్గా 6 గుర్తులు వస్తాయి. స్కూల్లో చేసిందే. వాటి మధ్యలో ఇంకో 6. అంకెలు రాయలేదు. రాస్తే వాటిని కూడా అద్దంలో సరిగ్గా కనపడేలా తిరగేసి రాయాలి, అంబులెన్స్ ముందు రాసినట్టు. మీకు కావాలంటే ఫోన్‌లో అంకెలు టైప్ చేసి ఫ్లిప్ కొట్టి ప్రింట్ తీసుకోండి. మేకు కొట్టే ముందు సన్నటి బెజ్జం వేయడం మాత్రం మర్చిపోవద్దు, పాత టేకు ఊరికే చీలుతుంది.

ముళ్ళు చిన్నవి, డయల్ పెద్దది. అందుకే నిమిషాల ముల్లు మీద బాబాయ్ పాత దువ్వెన ముక్క, గంటల ముల్లు మీద ఐస్‌క్రీం పుల్ల అతికించాం. కానీ బరువు చూసుకోవాలి. బ్యాటరీ అయిపోయేటప్పుడు మామూలు గడియారంలో సెకన్ల ముల్లు 9 దగ్గర కొట్టుకుంటూ ఉంటుంది, గమనించారా? అక్కడే ముల్లు బరువు ఎక్కువ తెలుస్తుంది, పైకి ఎక్కాలి కదా. మన దానిలో ఎదురు కాబట్టి ఆ కష్టం కుడివైపు వస్తుంది. ముల్లుకి తోక వైపు చిన్న బరువు అతికించి, సూది మీద నిలబెడితే ఎటూ ఒరగకుండా ఉండాలి. అప్పుడు మెషిన్‌కి బరువు తెలియదు. నిమిషాల ముల్లుకి రెండో ఐస్‌క్రీం పుల్ల ముక్క, దాని మీద వాషర్ ఒకటి. సెకన్ల ముల్లు తీసేశాం.

ఫినిషింగ్‌కి అవిసె నూనె, షాపులో లిన్సీడ్ ఆయిల్ అని అడగండి. పల్చగా ఒక పూత. నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేయొద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలా ఉంటే దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టి, నీళ్ళలో తడిపి పారేయండి.

మొత్తం బరువు దాదాపు 6 కిలోలు వచ్చింది. గోడకి రెండు పెద్ద స్క్రూలు, ప్లాస్టిక్ ప్లగ్‌లతో వేశాం. ఒక్క మేకు మీద వేలాడదీస్తే కింద కుర్చీలో ఉన్నవాడి సంగతి ఆలోచించండి! టైం తేడా అంటారా, ఎండాకాలం రేకుల షెడ్డులో 40 డిగ్రీలు ఉంటే ఈ క్వార్ట్జ్ రోజుకి అర సెకను పైన నెమ్మదిస్తుంది. నెలకి ఇరవై సెకన్లు. సెలూన్‌కి చాలు.

తగిలించిన రోజు బాబాయ్ నేరుగా గడియారం వైపు చూడలేదు. కుర్చీలో కూర్చుని, అద్దంలో చూశారు. 4 పైన కనిపిస్తోంది, అటూ ఇటూ 5, 3, అద్దం కాబట్టి తిరగబడి. "వరస తప్పింది కదరా" అన్నారు నవ్వుతూ. తర్వాత లేచి, మిగిలిన నాలుగు పలకలూ సందులోంచి తీసి లోపల గోడకి ఆనించమని కొడుక్కి చెప్పారు. వాడు ఇప్పుడు వాటితో అద్దం కింద అరమర చేద్దామంటున్నాడు. 1, 2, 6, 7. అది అయితే ఇంకో ఎపిసోడ్ చేస్తా. రేకు తిరగేయడంలో డౌట్ వస్తే మీ మెషిన్ మూత తీసిన ఫోటో పంపండి, చూసి చెప్తాను. ఉంటాను మరి, బై.